కార్డు మారింది, పేరు ఎక్కలేదు



మే నెలలో ఒక మధ్యాహ్నం మా ఇంట్లో కంప్యూటరు తెర ఉన్నట్టుండి నల్లబడింది. కేబినెట్ తలుపు తీసి చూస్తే గ్రాఫిక్స్ కార్డు మీదుండే ఫ్యాను తిరగడం లేదు. వేలు ఆనిస్తే చురుక్కుమంది. ఆరేడేళ్ళు పగలనక రాత్రనక పనిచేసిన కార్డు. ఇక దాని ఆయుష్షు తీరిందని అర్థమైంది.

అన్నేళ్ళూ ఆ కార్డు చేసింది నా పని కాదు. నేను ఆటలాడను, వీడియోలు ఎడిట్ చెయ్యను. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. నేను నిద్రపోయే వేళల్లో కూడా ఆ కార్డు ఎక్కడో దూరదేశపు శాస్త్రజ్ఞులు పంపిన లెక్కలు చేసి, తెల్లారేసరికి జవాబులు వాళ్ళకు అందజేసేది. కొత్త కార్డు కొని పెట్టాక ఆ పని మళ్ళీ మొదలవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. కార్డు బాగానే ఉంది, తెర మీద బొమ్మ వస్తోంది, కానీ లెక్కలు చేయించే సాఫ్ట్‌వేరు మాత్రం ఆ కార్డు ఉన్నట్టే ఒప్పుకోలేదు. ఆ నాలుగు రోజుల్లో నేను నేర్చుకున్నది ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను. ఇలాంటి ఇబ్బంది పడి, విసిగి, ఈ మంచి పనినే మానేసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళలో ఒక్కరు మళ్ళీ మొదలుపెట్టినా నాకు సంతోషం.

ముందు ఈ పని ఏమిటో కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. 1999 మే 17న అమెరికాలో, బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు సెటీ ఎట్ హోమ్ అనే కార్యక్రమం ప్రారంభించారు. పోర్టోరికో దీవిలో అరెసీబో అనే చోట ఉన్న పెద్ద రేడియో టెలిస్కోపు పట్టిన సంకేతాలను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ప్రపంచమంతటా ఉన్న మామూలు మనుషుల కంప్యూటర్లకు పంపేవారు. మన కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు ఆ ముక్కను జల్లెడ పట్టి ఫలితం తిరిగి పంపేది. ఇతర లోకాల్లో బుద్ధిజీవులు ఉన్నారా అన్నది వాళ్ళ ప్రశ్న. మా కాలేజీ లాబ్‌లో పిల్లలు ఆ రంగురంగుల గీతల తెర ముందు నిలబడి గంటలు గంటలు చూడటం నాకింకా గుర్తుంది. 2020 మార్చి చివర్లో సెటీ వాళ్ళు కొత్త పని పంపడం ఆపేశారు. ఆ ఏడాది డిసెంబరు 1న అరెసీబో టెలిస్కోపు కూడా కూలిపోయింది.

కానీ సెటీ నుంచి పుట్టిన బోయింక్ అనే సాఫ్ట్‌వేరు మిగిలింది. బర్కిలీలో డేవిడ్ ఆండర్సన్ ఆధ్వర్యంలో తయారైన ఈ సాఫ్ట్‌వేరు ఒక్క ప్రాజెక్టుకే కాక ఎన్నింటికైనా పనికొస్తుంది. మందుల పరిశోధన, ప్రోటీన్లు, గణితం, ఖగోళం, మీకు నచ్చినదానికి మీ కంప్యూటరు సమయం ఇవ్వొచ్చు. నేను ఐన్‌స్టైన్ ఎట్ హోమ్‌కు ఇస్తున్నాను. 2005లో మొదలైన ఈ ప్రాజెక్టును జర్మనీలోని హానోవర్, అమెరికాలోని మిల్వాకీ శాస్త్రజ్ఞులు కలిసి నడుపుతారు. గురుత్వ తరంగాల కోసం, పల్సార్ల కోసం వెతుకుతారు. పల్సార్ అంటే చచ్చిపోయిన పెద్ద నక్షత్రం మిగిల్చిన గుండె. బొంగరంలా తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ ఒక రేడియో తళుకు మన వైపు విసురుతుంది. 2010లో ఈ ప్రాజెక్టు ఒక కొత్త పల్సార్‌ను ప్రకటించింది. అది సెకనుకు దాదాపు 41 సార్లు తిరుగుతుంది. దాని జాడ పట్టినవి అమెరికాలో ఒక దంపతుల కంప్యూటరు, జర్మనీలో మరొకరి కంప్యూటరు. రెండూ మనబోటి వాళ్ళవే. ఆ వార్త చదివిన రోజున నేను నా కంప్యూటరు వైపు కొత్తగా చూశాను.

ఇందులో గ్రాఫిక్స్ కార్డు ఎందుకు అంటారా? ప్రాసెసరును ఆరితేరిన నలుగురైదుగురు మేస్త్రీలు అనుకోండి. ఎంత చిక్కు పనైనా చేస్తారు, కానీ ఉన్నది నలుగురే. గ్రాఫిక్స్ కార్డు అంటే పొలంలో వరసగా వంగి నాట్లు వేసే కూలీల జట్టు. ఒక్కొక్కరి పని చిన్నదే, కానీ వందలమంది ఒకేసారి చేస్తారు. నేను ఈసారి కొన్న జీటీఎక్స్ 1650 పెద్ద కార్డేమీ కాదు. అయినా అందులో 896 లెక్కగాళ్ళు ఉంటారు. సంకేతాల్లో పల్సార్‌ను వెతకడం లాంటి పని ఈ జట్టుకు అచ్చంగా సరిపోతుంది. అందుకే, కార్డు పోయిందంటే నా కంప్యూటరు ఇచ్చే సాయంలో చాలా భాగం పోయినట్టే.

ఇక అసలు కథ. నా పాత కార్డు ఏఎండీ వాళ్ళ రేడియాన్. కొత్తది ఎన్‌విడియా చిప్పు ఉన్నది. ఊళ్ళో కంప్యూటరు షాపు కుర్రాడు వచ్చి పాతది పీకి కొత్తది పెట్టాడు. 75 వాట్ల కార్డు కాబట్టి దీనికి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, మదర్‌బోర్డు స్లాటే ఆ కరెంటు ఇస్తుంది. స్విచ్ వెయ్యగానే తెర వెలిగింది. "బొమ్మ వచ్చేసింది మాస్టారూ, ఇంకేం లేదు" అని కుర్రాడు వెళ్ళిపోయాడు. నేను బోయింక్ తెరిచి చూశాను. అందులో ఈవెంట్ లాగ్ అని ఉంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఈ, మూడూ కలిపి నొక్కితే వస్తుంది. సాఫ్ట్‌వేరు నిద్ర లేచినప్పటి నుంచి ఏం చూసిందో, ఏం చేసిందో వరసగా రాసుకునే దినచర్య అది. అందులో ఒక వాక్యం నాకు కనబడింది: "నో యూజబుల్ జీపీయూస్ ఫౌండ్." వాడదగిన గ్రాఫిక్స్ కార్డు ఏదీ కనబడలేదు అని.

షాపుకు ఫోన్ చేశాను. "ఫార్మాట్ కొట్టేద్దాం మాస్టారూ, అన్నీ ఫ్రెష్‌గా వస్తాయి" అన్నాడు కుర్రాడు. చాలామంది చేసేదీ అదే. విండోస్ చెరిపేసి మళ్ళీ వెయ్యడం, బోయింక్ తీసేసి మళ్ళీ పెట్టడం. నేను వద్దన్నాను. జబ్బేమిటో తెలియకుండా మందు వెయ్యకూడదని నలభై ఏళ్ళు లాబ్‌లో పిల్లలకు చెప్పినవాణ్ణి. ఫార్మాట్ కొడితే ఒకవేళ బాగుపడినా, ఎందుకు బాగుపడిందో తెలియదు.

పల్లెలో పొలం కొన్నవాళ్ళకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. డబ్బు ఇచ్చాం, పొలంలోకి దిగి దున్నుతున్నాం. అయినా రిజిస్ట్రేషన్ అవాలి, తర్వాత మ్యుటేషన్ అవాలి, అప్పుడు గానీ అడంగల్‌లో మన పేరు ఎక్కదు. పంట రుణానికి బ్యాంకుకు వెళ్తే, మేనేజరు పొలం చూడడానికి రాడు. రికార్డు చూస్తాడు. రికార్డులో పాత యజమాని పేరుంటే, మన నాగలి ఆ పొలంలో తిరుగుతున్నా ఆయనకు మనం లేనట్టే. బోయింక్ ఆ బ్యాంకు మేనేజరు లాంటిది. అది స్వయంగా స్లాట్‌లోకి తొంగి చూడదు. కింది వాళ్ళను అడుగుతుంది. స్లాట్‌లో కార్డు ఉన్న సంగతి మదర్‌బోర్డుకు తెలియాలి. మదర్‌బోర్డు చెప్పింది విండోస్ వినాలి. విండోస్‌కు ఆ కార్డుతో మాట్లాడే డ్రైవరు ఉండాలి. ఆ డ్రైవరుతో పాటు లెక్కల భాష కూడా రావాలి. ఆ భాషలు ముఖ్యంగా రెండు. ఒకటి ఓపెన్‌సీఎల్, అన్ని కంపెనీల కార్డులకూ వర్తించేది. రెండోది కుడా, ఎన్‌విడియా సొంతం. ఈ మెట్లలో ఏ ఒక్కటి తెగినా పైనున్న బోయింక్‌కు కార్డు లేనట్టే. కాబట్టి కింది మెట్టు నుంచి ఒక్కొక్కటే అడుగుతూ రావాలి. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

మొదటి రోజు కింది మెట్టు చూశాను. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, డిస్‌ప్లే అడాప్టర్లు అన్న చోట చూస్తే, "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంది. నా కార్డు పేరే లేదు. ఆ రోజు మా వీధిలో ఇంటర్నెట్టు లేదు. విండోస్ ఏం చేసిందంటే, కొత్త కార్డుకు తగిన డ్రైవరు దొరక్క, ఏ కార్డుకైనా సరిపోయే తన మామూలు డ్రైవరుతో కాలక్షేపం చేస్తోంది. దానికి తెర మీద బొమ్మ వెయ్యడం ఒక్కటే వచ్చు. లెక్కల భాష రాదు. బొమ్మ వచ్చింది కదా అని కార్డు సిద్ధమైందనుకోవడం అందరూ చేసే పొరపాటు. బొమ్మ వెయ్యడానికి కార్డుకు దాని తెలివిలో నూరో వంతు కూడా అక్కర్లేదు.

మర్నాడు ఇంటర్నెట్టు వచ్చాక ఎన్‌విడియా వాళ్ళ సొంత డ్రైవరు దించుకున్నాను. విండోస్ తనంతట తాను తెచ్చుకునే డ్రైవరు మీద ఆధారపడకుండా కార్డు తయారీదారు దగ్గరే తీసుకోమని ఈ పనిలో ఆరితేరినవాళ్ళు చెబుతారు. విండోస్ తెచ్చిన డ్రైవరులో ఓపెన్‌సీఎల్ భాగం లేకపోయిన సందర్భాలు వాళ్ళకు బాగా తెలుసు. కొత్తది వేసే ముందు పాత ఏఎండీ డ్రైవరును పూర్తిగా తీసేశాను. కంపెనీ మారినప్పుడు ఇది తప్పనిసరిగా చెయ్యమంటాను. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అని ఒక ఉచిత పరికరం ఉంది. విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి దాన్ని నడిపితే పాత డ్రైవరు వేళ్ళతో సహా వస్తుంది.

కార్డు పాతది కొనేవాళ్ళకు ఇక్కడ ఒక జాగ్రత్త. కొత్త డ్రైవరు అన్ని కార్డులకూ పనికిరాదు. ఎన్‌విడియాలో ఫెర్మీ తరం కార్డులకు 390 వరస డ్రైవర్లే ఆఖరు. కెప్లర్ తరానికి 470 వరస ఆఖరు. ఇంట్లో అటక మీద ఉన్న పాత కార్డును తెచ్చి పెట్టి, దానికి ఈ ఏడాది వచ్చిన డ్రైవరు వేస్తే, ఆ డ్రైవరు ఆ కార్డును పలకరించదు. కార్డు ఏ తరానిదో ముందు తెలుసుకుని దానికి తగ్గ ఆఖరి డ్రైవరు వెతకాలి. అది దొరికినా, మీ ప్రాజెక్టు ఆ తరం కార్డుకు పని ఇస్తోందో లేదో కూడా చూసుకోవాలి.

డ్రైవరు వేశాను. డివైస్ మేనేజర్‌లో జీటీఎక్స్ 1650 అన్న పేరు కనబడింది. బోయింక్ తెరిచాను. మళ్ళీ అదే మాట, వాడదగిన కార్డు లేదు అని.

ఇక్కడే ఒక పూట పోయింది నాకు. కారణం తెలిశాక ఎంత చిన్నదో చూడండి. బోయింక్ కార్డుల కోసం వెతికేది నిద్ర లేచేటప్పుడు ఒక్కసారే. ఆ తర్వాత రోజంతా నడిచినా మళ్ళీ చూడదు. కిటికీ మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కితే బోయింక్ ఆగిపోయిందని మనం అనుకుంటాం. ఆగదు. మూతబడింది కిటికీ మాత్రమే. లోపల పనిచేసే భాగం, దాన్ని క్లయింట్ అంటారు, అలాగే నడుస్తూ ఉంటుంది. నేను ఎన్నిసార్లు మూసి తెరిచినా, పొద్దున్న అది చూసి రాసుకున్న పాత చిట్టానే నాకు చూపిస్తోంది. ఫైల్ మెనూలో ఎగ్జిట్ బోయింక్ నొక్కి, నడుస్తున్న పనులు కూడా ఆపమని చెప్పి, అప్పుడు మళ్ళీ తెరవాలి. లేదా కంప్యూటరునే రీస్టార్ట్ చెయ్యాలి. అలా చేశాక, ఈవెంట్ లాగ్‌లో మొదటి పది పదిహేను వరసల్లో నా కార్డు పేరు రెండుసార్లు కనబడింది. కుడా అన్న మాట పక్కన ఒకసారి, ఓపెన్‌సీఎల్ పక్కన ఒకసారి. ఆ వరసలోనే డ్రైవరు సంఖ్య, కార్డులో ఎంత మెమరీ ఉంది అన్నదీ ఉంటాయి. శ్రోతలారా, ఆ రెండు వరసలూ కనబడ్డాయంటే కింది మెట్లన్నీ గట్టిగా ఉన్నట్టే. కుడా వరస ఉండి ఓపెన్‌సీఎల్ వరస లేకపోతే డ్రైవరు సగమే పడిందని అర్థం.

బోయింక్ పెట్టేటప్పుడు దాన్ని విండోస్ సర్వీసుగా నడపమని ఎంచుకున్నవాళ్ళు కూడా కొందరున్నారు. విండోస్ విస్టా నుంచీ సర్వీసులు విడిగా ఒక గదిలో ఉంటాయి. ఆ గదిలో నుంచి గ్రాఫిక్స్ కార్డు కనబడదు. అలాంటివాళ్ళు బోయింక్‌ను తీసి, సర్వీసు టిక్ లేకుండా మళ్ళీ పెట్టుకోవాలి. మళ్ళీ పెట్టడం నిజంగా పనికొచ్చే సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

మూడో రోజు. బోయింక్ కార్డును చూసింది. కానీ కార్డుకు పని రావడం లేదు. అడుగుతుంది, సర్వరు ఏమీ ఇవ్వదు. ఇదేమిటని లాగ్ అంతా తిరగేశాను. కంప్యూటరులో లోపమేమీ లేదు. చివరికి, ఆరేడేళ్ళ క్రితం నా చేత్తో నేను పెట్టిన ఒక గుర్తు దగ్గర తేలింది. ప్రాజెక్టులో నా ఖాతా తెరిచి ప్రిఫరెన్సెస్ చూస్తే, ఏఎండీ కార్డు వాడాలా, ఎన్‌విడియా కార్డు వాడాలా, ఇంటెల్‌ది వాడాలా అని విడివిడిగా గళ్ళు ఉంటాయి. అప్పట్లో నా దగ్గర ఏఎండీ ఉంది కాబట్టి మిగతావాటికి వద్దు అని పెట్టాను. సర్వరు ఆ మాట మీదే నిలబడి ఉంది. గడిలో టిక్ పెట్టి, బోయింక్‌లో ప్రాజెక్టు మీద అప్‌డేట్ నొక్కాను. కొన్ని నిమిషాల్లో పని దిగడం మొదలైంది. కార్డు కంపెనీ మార్చినవాళ్ళు ఈ గళ్ళను తప్పక చూడండి. కంప్యూటరులో ఎంత వెతికినా దొరకని కారణం ఇది, ఎందుకంటే అది కంప్యూటరులో లేదు.

ఇలాంటి పాత ఆజ్ఞలు మరో చోట కూడా దాగి ఉంటాయి. బోయింక్ డేటా ఫోల్డరులో ఒక చిన్న ఫైలు ఉండొచ్చు. రాసుకునేవాళ్ళు రాసుకోండి: సీసీ, కింద గీత, కాన్ఫిగ్, చుక్క, ఎక్స్ఎంఎల్. విండోస్‌లో ఆ ఫోల్డరు ప్రోగ్రామ్ డేటా అనే దాని లోపల ఉంటుంది. అది మామూలుగా కనబడదు, దాచిన ఫైళ్ళు చూపించమని విండోస్‌కు చెప్పాలి. ఫలానా నంబరు కార్డును పట్టించుకోవద్దు అని ఎప్పుడో ఈ ఫైలులో రాసి ఉంటే, కొత్త కార్డు కూడా అదే కంపెనీదైతే ఆ ఆజ్ఞ ఇప్పుడు దానికి వర్తిస్తుంది. కార్డుల నంబర్లు సున్నా నుంచి మొదలవుతాయి. పాతది సున్నా, దాని చోట పెట్టిన కొత్తదీ సున్నాయే. ఒకే కంపెనీవి రెండు కార్డులు ఉన్నవాళ్ళు కూడా ఈ ఫైలు చూడాలి. బోయింక్ మామూలుగా వాటిలో బలమైనదాన్నే వాడుతుంది. రెండూ వాడాలంటే అన్ని జీపీయూలూ వాడు అన్న ఆజ్ఞకు ఒకటి అని రాసి, బోయింక్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఈ గొడవలో నేనుండగానే రాజమండ్రి నుంచి నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. వాడిది ఉబుంటు లినక్సు. వాడు ఎన్‌విడియా తీసి ఏఎండీ పెట్టాడు, నాకు సరిగ్గా తిరగేసి.

"మాస్టారూ, ఓపెన్‌సీఎల్ కార్డులు చూపించే సీఎల్ ఇన్ఫో కమాండు కొడితే కార్డు నిక్షేపంగా కనిపిస్తోందండి. బోయింక్ మాత్రం లేదంటోంది" అన్నాడు.

"కొట్టింది ఎవరు బాబూ?" అన్నాను.

"నేనేనండి."

"బోయింక్‌ను నడిపేది నువ్వా?"

అవతల కాసేపు మాట లేదు. "కాదండి. బోయింక్ పేరుతో వేరే యూజరుంటాడు" అన్నాడు.

లినక్సులో ఏఎండీ కార్డు డ్రైవరు కెర్నెల్‌లోనే, అంటే లినక్సు మూలభాగంలోనే ఉంటుంది కాబట్టి బొమ్మకు ఢోకా లేదు. ఓపెన్‌సీఎల్ మాత్రం విడిగా పెట్టుకోవాలి. అది వాడు పెట్టాడు. వాడికి కార్డును ముట్టుకునే అనుమతి ఉంది. బోయింక్ అన్న యూజరుకు లేదు. వీడియో, రెండర్ అని రెండు గ్రూపులుంటాయి, ఆ గ్రూపుల్లో ఉన్నవాళ్ళకే కార్డు తలుపు తెరుచుకుంటుంది. బోయింక్ యూజరును ఆ రెండింటిలో చేర్చి, బోయింక్ సర్వీసును రీస్టార్ట్ చేశాడు. కార్డు కనబడింది. కానీ మర్నాడు కంప్యూటరు వెయ్యగానే మళ్ళీ లేదంది. ఈసారి వాడే పట్టుకున్నాడు కారణం. కంప్యూటరు లేచేటప్పుడు బోయింక్ సర్వీసు డ్రైవరు కంటే ముందే లేచి, కార్డు కోసం వెతికి, లేదని రాసుకుని కూర్చుంటోంది. బోయింక్ ఒక్కసారే వెతుకుతుందని ఇందాక చెప్పాను కదా. సర్వీసు మొదలయ్యే ముందు అర నిమిషం ఆగేలా వాడు సర్ది పెట్టాడు. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు వాడి గొంతులో ఉన్న ఆనందం, పరీక్షలో మొదటి మార్కు వచ్చినప్పుడు కూడా నేను వినలేదు.

బోయింక్ కాక మరో పెద్ద కార్యక్రమం ఉంది, ఫోల్డింగ్ ఎట్ హోమ్. స్టాన్‌ఫర్డ్‌లో విజయ్ పాండే 2000 అక్టోబరులో మొదలుపెట్టారు. ప్రోటీన్లు ఎలా మడత పడతాయో, ఎలా కదులుతాయో లెక్కగడుతుంది. కోవిడ్ వచ్చిన 2020 వసంతంలో లక్షలమంది తమ కార్డులు దీనికి ఇచ్చారు. సెకనుకు ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టినన్ని లెక్కలు దాటింది అప్పటి దాని వేగం. ఆ రోజుల్లో ఏ ఒక్క సూపర్ కంప్యూటరూ అంత వేగం అందుకోలేదు. ఇళ్ళల్లో ఉన్న కార్డులన్నీ కలిస్తే అంత అయింది.

కార్డు గుర్తించడంలో ఫోల్డింగ్ వాళ్ళది వేరే పద్ధతి. వాళ్ళ దగ్గర ఒక జాబితా ఉంటుంది. ప్రతి కార్డు చిప్పుకూ తయారీలోనే రెండు సంఖ్యలు ముద్ర పడతాయి. ఒకటి కంపెనీది, ఒకటి ఆ మోడల్‌ది. ఎన్‌విడియా కంపెనీ సంఖ్య పది డీఈ, ఏఎండీది పది సున్నా రెండు, ఇంటెల్‌ది ఎనభై ఎనభై ఆరు. ఇంటెల్ పేరు తెచ్చుకున్న పాత చిప్పు సంఖ్యే అది. మీ కార్డు సంఖ్యలు ఆ జాబితాలో ఉంటేనే ఫోల్డింగ్ దాన్ని వాడుతుంది. బజారులోకి కొత్తగా వచ్చిన కార్డు కొంటే, జాబితాలో ఎక్కేదాకా పనికిరానిదనే అంటుంది. అప్పుడు మీ కార్డులో లోపం లేదు, మీ డ్రైవరులోనూ లేదు. ఆ సంఖ్యలు వాళ్ళకు తెలియజేసి, జాబితా మారాక సాఫ్ట్‌వేరు రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. డబ్బా మీది పేరు నమ్మకండి. నా కార్డునే చూడండి, జీటీఎక్స్ 1650 అన్న ఒకే పేరుతో మూడు రకాల చిప్పులు అమ్మారు. మన ఊళ్ళో ఒకే పేరున్నవాళ్ళు నలుగురుంటే ఇంటిపేరు అడుగుతాం కదా, అలాగే సంఖ్య అడగాలి. విండోస్‌లో డివైస్ మేనేజర్‌లో కార్డు మీద నొక్కి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీలు చూస్తే ఆ సంఖ్యలు దొరుకుతాయి. ఫోల్డింగ్ పాత ఏడో వెర్షన్ వాడేవాళ్ళయితే, పాత కార్డు పేరున ఉన్న స్లాట్‌ను తీసేసి కొత్తది చేర్చుకోవాలి. లేకపోతే అది లేని కార్డు కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక చెప్పకపోతే నా మాట పూర్తి కాదు. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియం అనే డిజిటల్ నాణేల తవ్వకం ఆగిపోయాక, ఆ పనిలో వాడిన కార్డులు బజారులోకి కుప్పలుగా వచ్చాయి. తక్కువ కరెంటుతో ఎక్కువ తవ్వడం కోసం వాటిలో కొన్నింటి బయోస్‌ను, అంటే కార్డులోనే ఉండే మూల ప్రోగ్రామును మార్చారు. అలాంటి కార్డును మామూలు డ్రైవరు ఒప్పుకోకపోవచ్చు. అంతకంటే ఘోరం, పాత చిన్న కార్డు బయోస్‌లో పెద్ద కార్డు పేరు రాసి అమ్మడం. కష్టార్జితం పెట్టి కొనే పిల్లలు మోసపోకూడదు. డబ్బు ఇచ్చే ముందు కార్డును కంప్యూటరులో పెట్టించి, జీపీయూ జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో చిప్పు పేరు, లెక్కగాళ్ళ సంఖ్య చూడండి.

నాలుగో రోజు పొద్దున్న మా కంప్యూటరులో పని నడుస్తోంది. అయితే జాబితాలో పైన ఓ పదకొండు పాత పనులు అలాగే పడి ఉన్నాయి. వాటి పక్కన జీపీయూ మిస్సింగ్ అని ఉంది. అవి పాత ఏఎండీ కార్డు కోసం పంపినవి. కొత్త కార్డు వాటిని చెయ్యలేదు. వాటిని చూస్తే నాకు బాధ కలిగింది. చాలా ప్రాజెక్టులు ఒకే ముక్కను ఇద్దరి కంప్యూటర్లకు పంపుతాయి. ఇద్దరి జవాబులూ కలిస్తేనే దాన్ని నిజమని ఒప్పుకుంటాయి. అంటే నా దగ్గర ఆగిపోయిన ప్రతి పని అవతల, ఎక్కడో, మరొకరి శ్రమను కూడా ఆపి ఉంచింది. గడువు రెండు వారాలు. ఆ గడువు తీరేదాకా సర్వరు నా కోసం ఎదురుచూస్తుంది, తర్వాతే ఇంకొకరికి ఇస్తుంది. నేను వాటిని ఒక్కొక్కటిగా ఎంచి అబార్ట్ నొక్కి, అప్‌డేట్ నొక్కాను. దాంతో ఆ పనులు వెంటనే వేరేవాళ్ళకు వెళ్ళే వీలు కలిగింది. ఆ మీట ఇంటర్నెట్టు వచ్చిన రోజే నొక్కవలసింది. రెండు రోజులు ఆలస్యం చేశాను.

కొందరికి కార్డు కనబడినా పని ఆగి ఉన్నట్టుంటుంది. మనం కీబోర్డు ముట్టుకుంటున్నంతసేపూ గ్రాఫిక్స్ కార్డు పని ఆపడం బోయింక్‌కు అలవాటు. వదిలేసి మూడు నిమిషాలాగితే తనే మొదలెడుతుంది. లాగ్‌లో కంప్యూటరు వాడకంలో ఉంది అన్న మాట ఉంటే గాభరా పడకండి. మన ఎండాకాలంలో ఇంకొక మాట కూడా వినండి. నేను పగలు పదకొండు నుంచి సాయంత్రం ఆరు దాకా లెక్కలు ఆపుతాను. బోయింక్‌లోనే ఆ వేళలు పెట్టుకోవచ్చు. నా పాత కార్డు ఫ్యాను పోవడానికి మే నెల మధ్యాహ్నాలే కారణమని నా నమ్మకం. ఆరు నెలలకోసారి కేబినెట్ తెరిచి, కరెంటు తీసేసి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే కార్డు బతుకుతుంది.

కార్డు పాడైపోక ముందే మార్చే అవకాశం మీకుంటే, రెండు రోజుల ముందు బోయింక్‌లో ప్రాజెక్టును ఎంచి నో న్యూ టాస్క్స్ నొక్కండి. చేతిలో ఉన్న పనులన్నీ పూర్తయి, జవాబులు వెళ్ళిపోయాయని చూసుకోండి. అప్పుడు కంప్యూటరు ఆపి పాత కార్డు తియ్యండి. నాలాగా ఉన్నట్టుండి కార్డు పోయినవాళ్ళు మాత్రం, కొత్త కార్డు పెట్టి తెర వెలిగాక, దాన్ని బోయింక్‌కు చూపించే ముందే, ఆగిపోయిన ఆ పాత పనులను ఆ రోజే తిరిగి పంపేయండి. అవతల ఒకరు మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.